షాజహానాబాదు మసీదులును బజారులును

ఢిల్లీ నగరమునకు క్రొత్తగా వచ్చినవారు జామా మసీదు తూర్పు మెట్లెక్కి, పై మెట్టుమీద నిలిచి, వెనుకకు తిరిగి చూచుట ఒక ఆచారమువంటిది. ఎదుట విశాలమైన బయలు, బయలు కావల ఎఱ్ఱకోట గోడ, గోడపైన ఆకాశము. తాను కొలువుండిన కోటయు, తాను ప్రార్థన చేసిన మసీదును ఒకదానినొకటి చూచుకొనునట్లు నడుమ ఏ అడ్డును లేకుండ నిర్మించిన షాజహాను దూరదృష్టిని దారి చూపువారు కొనియాడుదురు. బాల్యమందు మా మేనమామ వెంట నేను మొదటిసారి అచటికి వెళ్ళినపుడు నాకును అట్లే చెప్పిరి; నేనును అట్లే నమ్మితిని. ఆ బయలు షాజహాను విడిచినది కాదని చాలా ఏండ్లకు గాని నాకు తెలియలేదు. అది 1857 తరువాత తుపాకిమందుతోను, గడ్డపారలతోను ఏర్పరచిన బయలు. అంతకు పూర్వము అక్కడ బజారులుండెను.

ఈ సంగతి తెలిసినది మొదలు పాత ఢిల్లీకి పోయినపుడెల్ల మసీదు నొక్కదానినే చూచుట నాకు సాధ్యము కాలేదు. మసీదును చూచి తృప్తిపడి, బజారును జనసమ్మర్దమని విసుగుకొనువారు కొందరు. బజారులో జరీ అంచులును అత్తరులును కొని, మసీదు వైపు తలయెత్తనివారు మరికొందరు. ఈ రెండు తెగల యాత్రికులును సగము నగరమును మాత్రమే చూచి పోవుచున్నారని నా తలంపు. షాజహానాబాదులో మసీదును బజారును ఒకే కాలమున, పలుచోట్ల ఒకే చేతులతో, ఒకదానికొకటి ఆధారముగా లేచినవి. కూలినపుడును అవి కలిసియే కూలినవి. నిలిచినచోట ఒకటి రెండవదానిని నిలిపినది.

1639లో యమునాతీరమున కోటకు పునాది పడెను. 1648లో షాజహాను ఆ కోటలో ప్రవేశించెను. కోట లాహోరీ దర్వాజానుండి పడమరగా సాగు రాజవీధిని 1650 ప్రాంతమున చక్రవర్తి పెద్ద కుమార్తె జహనారా బేగము తీర్చెను. అదియే చాందినీ చౌకు. దాని వెడల్పు 40 గజములు, పొడవు 1520 గజములు అని ఆనాటి లెక్క. నడుమ కాలువ, కాలువ గట్లపై చెట్లు, చెట్ల వెనుక అంగళ్లు. ఆ 1650లోనే చక్రవర్తి భార్యలలో ఒకరైన ఫతేపురీ బేగము ఈ వీధి పడమటి కొసను ఒక మసీదు కట్టించెను. మరియొక భార్య అక్బరాబాదీ బేగము కోటకు దక్షిణమున ఫయిజు బజారును తీర్చి, దానిమీద ఇంకొక మసీదును కట్టించెను. నగరమునకు వెన్నెముకలవంటి రెండు వీధులును, వాటి మసీదులును ఈ విధముగా అంతఃపురపు స్త్రీల ధనముతో వెలసినవి. పరదా వెనుక నుండిన వారి పేర్లు కోటలోపల కంటె వీధిలోనే ఎక్కువగా మిగులుట చరిత్రలోని చిత్రములలో ఒకటి.

మసీదును బజారుతో కలిపి కట్టుటకు కారణము కలదు. మన దేశమున దేవాలయమునకు మాన్యపు భూమి ఎట్టిదో, నగరమందలి మసీదునకు అంగడి అద్దె అట్టిది. గోడల వెలుపల, అరుగు క్రింద, ద్వారముల ప్రక్కన కొట్లు కట్టి, వాటిపై వచ్చు ఆదాయమును వక్ఫుగా విడిచెడివారు. దీపములకు నూనె, తొట్టికి నీరు, క్రింద పఱచు చాపలు, ఇమాము జీతము, చదువుకొను పిల్లల భోజనము ఆ ఆదాయమునుండి జరుగవలెను. ఇందు వర్తకునకు లాభము లేదా యన్నచో, ఉన్నది. దినమునకు ఐదుసారులు జనము తనంతట తాను వచ్చు చోటు వానికి ఇంకెక్కడ దొరకును? మసీదు గోడకు ఆనుకొనియున్న కొట్టును చూచి ఆక్రమణమని మొగము చిట్లించువారు, అది ఆ గోడతోపాటే పుట్టియుండవచ్చునని ఒకమారు తలచుట మేలు.

జామా మసీదును భోజలా పహాడీ అను చిన్న గుట్టమీద కట్టిరి. 1650లో మొదలైన పని 1656లో ముగిసెను. వజీరు సాదుల్లా ఖాను పర్యవేక్షణమున 5,000 మంది పనివారు ఆరేండ్లు పనిచేసిరనియు, 10 లక్షల రూపాయలు వ్యయమైనదనియు చెప్పుదురు. ఎఱ్ఱ ఇసుకరాతి నడుమ తెల్ల చలువరాతి చారలు, మూడు గుమ్మటములు, రెండు మీనారులు, 25,000 మందికి చాలు ప్రాంగణము. వీటిని వర్ణించిన గ్రంథములు కావలసినన్ని ఉన్నవి. నేను మెట్లను గురించి చెప్పదలచితిని. ఉత్తరపు ద్వారమునకు 39 మెట్లు, దక్షిణమునకు 33, తూర్పునకు 35. గుట్టమీద కట్టుటచే మెట్లు అవసరమయ్యెను. మెట్లుండుటచే కూర్చుండుటకు చోటు కలిగెను. కూర్చుండు చోటికి బజారు తానే వచ్చెను. 1847లో వెలువడిన “ఆసారుస్సనాదీదు” అను గ్రంథమున సయ్యదు అహమ్మదు ఖాను ఢిల్లీ కట్టడములను ఒక్కొక్కదానిని వర్ణించుచు, ఈ మెట్లకు వచ్చునప్పటికి కట్టడమును విడిచి మనుష్యులను వర్ణించుటకు దిగును. కబాబులు కాల్చువారు, ఫాలూదా అమ్మువారు, బట్టలు పఱచి కూర్చున్నవారు, పావురములను పంజరములతో తెచ్చినవారు, గారడీవారు ఒక్కొక్కరుగా ఆ పుటలలోనికి వత్తురు. అపరాహ్ణమున కథకుడు మోడా వేసికొని కూర్చుండి అమీరు హంజా సాహసములను చెప్పుచుండగా జనము గుమిగూడెడివారు. శాస్త్రజ్ఞుడైన ఆ రచయితకు ఇది మసీదు వర్ణనకు వెలుపలి విషయమని తోచలేదు.

ఆ కథకులను దాస్తాన్‌గోలందురు. వారిలో ప్రసిద్ధులైనవారిలో చివరివాడు మీరు బాకరు అలీ 1928లో మరణించెను. విద్య ఆయనతో అంతరించెనని అందరును అనుకొనిరి. 2005 నుండి కొందరు యువకులు దానిని మరల ఎత్తుకొనిరి. కాని వారు చెప్పునది టిక్కెట్టు కొని వచ్చిన శ్రోతలకు, దీపములు మలిపిన మందిరములలో. మెట్లమీద ఉచితముగా నిలిచి విని, నచ్చకున్న లేచిపోయి, ప్రక్కన కబాబు కొనుక్కొను శ్రోతయే ఆ కథకునకు అసలు పరీక్షకుడై యుండెనని నాకు తోచును.

తూర్పు మెట్లు దిగి ఎడమచేతి వైపు నాలుగడుగులు వేసినచో చెట్టునీడను రెండు సమాధులు కలవు. ఒకటి ఆకుపచ్చ, రెండవది ఎఱుపు. ఎఱ్ఱనిది సర్మదుది. ఇతడు పారశీక దేశమందలి కాషానులో యూదు కుటుంబమున పుట్టి, ఇస్లాము స్వీకరించి, వర్తకము కొరకు సముద్రము దాటి సింధు దేశపు ఠట్టా రేవులో దిగెను. అక్కడ అభయచందు అను హిందూ బాలకునిపై కలిగిన ప్రేమతో సరకులను, బట్టలను, వర్తకమును విడిచి ఫకీరయ్యెను. “దబిస్తాను” గ్రంథకర్త 1647లో ఇతనిని హైదరాబాదులో కలిసికొని, యూదుల మతమును గూర్చి ఇతనినుండియే తెలిసికొనెను. కుతుబ్‌షాహీల రాజధాని వీధులలో దిగంబరుడై తిరిగిన ఈ కవి తరువాత ఢిల్లీ చేరి దారా షికోకు ఆప్తుడయ్యెను. దారా పతనమైన పిమ్మట, 1661 ప్రాంతమున, ఔరంగజేబు ఏలుబడిలో ఇతని తల తీసిరి. బజారునుండి బయలుదేరినవాడు మసీదు మెట్లచెంత ఆగెను. నేడు శుక్రవారపు నమాజు ముగించి దిగువారిలో చాలమంది అతని సమాధికి సలాము చేసి గాని ముందుకు సాగరు. అతనిని దండించిన తీర్పును సమర్థించువారు కూడ ఆ వరుసలో ఉండవచ్చును. వారిని విడదీయుట నా పని కాదు.

ఇక ఆ బయలు సంగతి. కోట ఢిల్లీ దర్వాజా ముందు సాదుల్లా ఖాను చౌకు, అటనుండి మసీదు వైపునకు ఖాసు బజారు, ఆ ప్రక్కన ఖానము బజారు, కోటకు ఎదుట ఉర్దూ బజారు. మసీదు మెట్లు దిగినవాడు అంగళ్ల మధ్యనుండియే నడచి కోటకు పోయెడివాడు. 1857 సెప్టెంబరులో ఆంగ్ల సైన్యము నగరమును తిరిగి పట్టుకొనెను. జనమునంతయు వెలుపలికి తరిమిరి. హిందువులను కొంత ముందుగాను, ముస్లిములను మిక్కిలి ఆలస్యముగాను మరల రానిచ్చిరి. కోటలోని సైన్యమునకు ఫిరంగులు కాల్చుటకు అడ్డులేని నేల కావలెనని, కోటగోడ నుండి 448 గజముల దూరము వరకు ఉన్నదానినంతయు పడగొట్టుటకు నిశ్చయించిరి. ఇండ్లు, బజారులు, చిన్న మసీదులు నేలమట్టమయ్యెను. బల్లీమారాను వాడలో ఉండి ఇదంతయు చూచిన గాలిబు, ఊరు విడిచిపోయిన మిత్రులకు వ్రాసిన లేఖలలో మనుష్యుల మరణవార్తలతోపాటు బజారుల మరణవార్తలను కూడ తెలుపుచుండెను. ఏ వీధి ఎక్కడ ఉండినదో చెప్పుటకు గురుతు మిగులలేదని ఆయన వాపోయెను. మనము మెట్లపై నిలిచి మెచ్చుకొను దృశ్యము అది.

జామా మసీదును కూడ పడగొట్టవలెనను మాట అప్పుడు లేచెను. దానిని చర్చిగా మార్చుడన్నవారును ఉండిరి. అయిదేండ్లు అది సైనికుల చేతిలో నుండెను. 1862లో ఒక సంఘము పూచీపై, కొన్ని షరతులతో, దానిని ముస్లిములకు తిరిగి ఇచ్చిరి. నది వైపు ఔరంగజేబు కుమార్తె జీనతున్నిసా కట్టించిన జీనతుల్ మసాజిదు సైన్యమునకు రొట్టెలు కాల్చు కొట్టమయ్యెను. కర్జను కాలమున గాని దానికి విముక్తి కలుగలేదు. ఫయిజు బజారులోని అక్బరాబాదీ మసీదునకు ఆ మాత్రపు భాగ్యమును లేదు. ఖురానును ఉర్దూలోనికి అనువదించిన షా అబ్దుల్ ఖాదరు నివసించి పాఠములు చెప్పిన మసీదది. దానిని పూర్తిగా పడగొట్టిరి. తరువాత ఆ ప్రాంతమున ఎడ్వర్డు చక్రవర్తి పేర తోట వెలసెను; స్వాతంత్ర్యానంతరము ఆ తోటకు సుభాషు చంద్ర బోసు పేరు పెట్టిరి. జామా మసీదు తూర్పు మెట్లనుండి కుడిచేతి వైపు కనబడు చెట్లు అవియే. 2012లో భూగర్భ రైలుమార్గపు పనుల సందర్భమున అక్కడ త్రవ్వగా పాత గోడలు బయటపడినవి. అవి ఆ మసీదువేయని కొందరు ప్రార్థనలకు పూనుకొనగా, వ్యవహారము న్యాయస్థానమునకెక్కెను. నూటయేబది ఏండ్లు మట్టి క్రింద నున్న గోడకు కూడ హక్కుదారులుందురు.

ఈ బయలునందే, మసీదునకు కోటకు నడుమ, మౌలానా అబుల్ కలాం ఆజాదు సమాధి కలదు. 1947 అక్టోబరులో ఆయన ఈ మసీదునుండియే, దేశము విడిచిపోవ మూటలు కట్టుకొన్న ఢిల్లీ ముస్లిములను ఆగుమని వేడుకొనెను. 1958లో మరణించినపుడు ఆయనను ఇచ్చటనే ఖననము చేసిరి. చుట్టును రగ్గులు, బనీనులు, ప్లాస్టికు బొమ్మలు అమ్ముచుందురు. 1975లో, అత్యవసర పరిస్థితి కాలమున, మసీదు చుట్టునున్న అంగళ్లను తొలగించి, వాటికి బదులు మీనా బజారు అను పేర వరుసలు కట్టిరి. కారణమేదైనను, ఈ మసీదు చుట్టునున్న బజారును ప్రభుత్వము ఊడ్చివేయుట అది మొదటిసారి కాదు. ఊడ్చిన ప్రతిసారియు బజారు తిరిగి వచ్చెను.

మసీదు ఉత్తరమునుండి దరీబా కలాను గుండ నడచినచో చాందినీ చౌకు చేరుదుము. దరీబా నగలవర్తకుల వీధి. వెండి పట్టీలు తూచు తక్కెడల చప్పుడును, అత్తరు బుడ్ల వాసనయు కలిసి ఆ సందునకు ఒక ప్రత్యేకమైన గాంభీర్యము నిచ్చును. సందు ముగిసి పెద్ద వీధిలోనికి వచ్చి ఎడమకు తిరిగి కొంత నడచినచో, గురుద్వారా సీసు గంజునకు ఆనుకొని, అంగళ్ల తలలపై మూడు చిన్న గుమ్మటములు కనబడును. చూపరి వేగముగా నడచినచో వాటిని గుర్తింపడు. అది సునేహరీ మసీదు. 1721–22లో రోషనుద్దౌలా కట్టించినది. వీధినుండి ఇరుకైన మెట్లెక్కి పోవలెను. క్రింద అంగళ్లు, పైన మసీదు. ఇంతకంటె స్పష్టముగా ఆ రెండింటి పొత్తును చూపు కట్టడము నగరమున మరి లేదు.

1739లో నాదిరు షా ఢిల్లీని పట్టుకొని కోటలో విడిసెను. మార్చి నెలలో అతని మనుష్యులు కొందరు పహాడ్‌గంజి ధాన్యపు బజారుకు పోయి ధర నిర్ణయింపబోగా వర్తకులు ఒప్పుకొనలేదు. మాటామాటా పెరిగి కొట్లాటయయ్యెను. ఇంతలో నాదిరు షా చనిపోయెనను వదంతి లేచి, రాత్రికి రాత్రి అతని సైనికులను ఊరిలో పలుచోట్ల చంపిరి. మార్చి 22 ఉదయమున అతడు గుఱ్ఱమెక్కి వచ్చి, ఈ సునేహరీ మసీదులో కూర్చుండి కత్తి దూసెను. అది సంజ్ఞ. చాందినీ చౌకు, దరీబా, జామా మసీదు చుట్టుప్రక్కల వీధులు మధ్యాహ్నము దాటువరకు తెగటారినవి. చనిపోయినవారు 20,000 మంది అనియు 30,000 మంది అనియు చరిత్రకారులు చెప్పుదురు. ముహమ్మదు షా పక్షమున వచ్చి ప్రాధేయపడినవారిలో దక్కను సుబేదారు, హైదరాబాదు నిజాముల మూలపురుషుడు అయిన నిజాముల్ ముల్కు ఒకడు. గోధుమల ధరపై మొదలైన జగడమునకు మసీదునుండి తీర్పు వెలువడిన ఆ దినమున, మసీదు క్రింది అంగళ్ల యజమానులు ఏమైరో ఎవరును ప్రత్యేకముగా వ్రాయలేదు. ఆ మెట్లకెదురుగా నేను నిలిచినపుడు క్రింది కొట్టులోని మనిషి, “ఏమి కావలెనయ్యా?” యని అడిగెను. ఏమియు వద్దని చెప్పుటకు నాకు సిగ్గువేసి, ఒక చేతిరుమాలు కొంటిని.

గురుద్వారాయు అదే కాలిబాటమీదిదే. 1675లో ఔరంగజేబు ఆజ్ఞచే గురు తేగ్ బహాదురు శిరచ్ఛేదము జరిగిన చోటది. వీధి తూర్పు మొదట జైనుల లాల్ మందిరము, దాని సమీపమున గౌరీశంకర మందిరము, మరికొంత దూరమున బాప్టిస్టుల చర్చి ఉన్నవి. దీనిని చూచి మతసామరస్యమని ఉపన్యాసములు చెప్పుట సులభము. ఈ వీధి అంత సాధువైనది కాదు. నడుమనున్న టౌను హాలు ఎదుట స్వామి శ్రద్ధానందుని విగ్రహము కలదు. 1919 మార్చి 30న ఇచ్చటి గడియార స్తంభము వద్ద ఆయన సైనికుల తుపాకుల కెదురుగా రొమ్ము చూపెను. అయిదు దినములకు, ఏప్రిల్ 4న, ముస్లిములు ఆయనను జామా మసీదునకు తోడ్కొనిపోయి అచటి వేదికనుండి మాటలాడించిరి. 1926 డిసెంబరులో ఒక ముస్లిము ఆయనను ఆయన ఇంటిలోనే కాల్చి చంపెను. ఆ ఇల్లు ఈ వీధి కొసను దాటిన వెంటనే వచ్చు నయా బజారులోనిది. ఈ రెండు సంఘటనలలో ఒకదానిని దాచి రెండవదానిని చెప్పువారిని నేను నమ్మను.

టౌను హాలు నిలిచిన చోట జహనారా కట్టించిన సరాయి యుండెను. 1660లలో ఢిల్లీలో నుండిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే దానిని చూచి, ఇటువంటిది పారిసులో ఉండిన ఎంత బాగుండునో యని వ్రాసెను. దాని ఎదుట ఎనిమిది కోణముల చౌకు, అందులో కొలను. వెన్నెల ఆ నీటిలో పడుటచేతనే ఈ పేరు వచ్చెనందురు. 1857 తరువాత సరాయి పోయెను. కొలను స్థానమున లేచిన గడియార స్తంభము 1950ల ఆరంభమున కూలెను. కాలువ 20వ శతాబ్ది మొదట మూతబడెను. 2021లో వీధిని ఎఱ్ఱరాతితో పఱచి, పగటివేళ మోటారు బండ్లను నిషేధించిరి. రిక్షాలవారును, బట్టల మూటలు మోయు కూలీలును, పెండ్లి చీరెలకు వచ్చిన స్త్రీలును ఆ రాతిమీద ఇంతకుముందువలెనే ఒకరినొకరు రాచుకొని పోవుచున్నారు.

ఇట్లు నడచినచో ఎదుట, వీధిని మూసినట్లు, ఫతేపురీ మసీదు. ఒకటే గుమ్మటము, రెండు మీనారులు. జామా మసీదు చూచినవారికి ఇది అణకువగా కనబడును. ఢిల్లీలో నాకు అత్యంత ప్రియమైన మసీదు ఇదియే. కారణము దాని అందము కాదు, దాని కథ.

1857 తరువాత ఆంగ్లేయులు దీనిని వేలము వేసిరి. ఏనుగులను, పరుపులను, జప్తు చేసిన ఇండ్లను వేలము వేసినట్లే, మసీదును వేలము వేసిరి. పాడినవాడు బట్టల వర్తకుడు, వడ్డీ వ్యాపారి, ఖత్రీ కులస్థుడైన లాలా చున్నామలు. పాట 19,000 రూపాయలకు తెగెను. అతనిని నేను మహాత్మునిగా చిత్రింపబోను. తిరుగుబాటు కాలమున అతడు ఆంగ్లేయుల పక్షమున నిలిచినవాడు. రాయి బిరుదమును, తరువాత పురపాలక సంఘమున స్థానమును పొందినవాడు. ఊరు పాడైన ఆ దినములలో ఇండ్లు కోల్పోయినవారికి ప్రభుత్వము నష్టపరిహారముగా టిక్కెట్లనిచ్చెను. వాటితో జప్తు ఆస్తులను పాడుకొనవచ్చును. చేతిలో రొక్కము లేనివారు ఆ టిక్కెట్లను తక్కువ వెలకు షాహుకారులకు అమ్ముకొనిరి. చున్నామలువంటివారి సంపద పెరిగినది అట్టి కాలముననే. పొరుగువాని దురదృష్టము వర్తకునకు అదృష్టమగుట క్రొత్త సంగతి కాదు.

అయినను, అతడు మసీదును పడగొట్టలేదు. నగరములోనెల్ల అత్యంత విలువైన మూలమీది స్థలమది. ముందు చాందినీ చౌకు, వెనుక ఖారీ బావలీ. రెండు పెద్ద బజారుల ముడి. దానిని చదునుచేసి కటరా కట్టి, వంద కొట్లను అద్దెకిచ్చుకొనుటకు చట్టము అడ్డురాదు. ఆ దినములలో ఆక్షేపించుటకు నోరున్న ముస్లిము ఢిల్లీలో లేడు. మసీదు అట్లే నిలిచెను. 1877లో, ఢిల్లీ దర్బారు సమయమున, ప్రభుత్వము అతని కుటుంబమునకు నాలుగు గ్రామములనిచ్చి, మసీదును పుచ్చుకొని ముస్లిములకు అప్పగించెను. లాలా అప్పటికి లేడు. అతని హవేలీ మసీదునకు కొలది దూరమున, అదే వీధిలో, ఇప్పటికిని నిలిచియున్నది.

ఈ లెక్కలో లాభమెంత, ధర్మమెంత యని విడదీయుటకు ప్రయత్నించినవారున్నారు. వర్తకుని ఖాతాలో అవి వేరు వేరు పద్దులుగా ఉండవు. నాకు ముఖ్యముగా కనబడునది ఇది: బజారు నడుమ లేని అక్బరాబాదీ మసీదు—దాని చుట్టునున్న ఫయిజు బజారు అప్పటికే చితికిపోయెను—కొనువాడు లేక నేలమట్టమయ్యెను; బజారు నడుమనున్న ఫతేపురీ మసీదు వెల కట్టబడెను గనుక బ్రదికెను. వేలములో పెట్టుట అవమానము, సందేహము లేదు. ఆ అవమానము కూడ దక్కని కట్టడములు ఆ యేండ్లలో ఎన్నో యుండెను.

క్రిందటి చలికాలమున నేను ఫతేపురీ తూర్పు ద్వారమున ప్రవేశించి, ప్రాంగణమందలి సమాధుల ప్రక్కన మధ్యాహ్నపు వేళ కూర్చుంటిని. తొట్టి చుట్టును పది పదునైదుగురు కూలీలు కాళ్లు కడుగుకొనుచుండిరి. మూటలు మోయు త్రాళ్లు వారి భుజములపైననే ఉండెను. ఉత్తరపు ద్వారము ఖారీ బావలీలోనికి తెరచుకొనును. ఆ పేరునకు ఉప్పునీటి దిగుడుబావి యని అర్థము. 16వ శతాబ్దిలో త్రవ్వించిన ఆ బావి ఎప్పుడో వీధి క్రింద మాయమయ్యెను. దాని పేర మిరప, పసుపు, యాలకులు, మిరియములు బస్తాలతో దొరలుచున్నవి. గుంటూరు మిరపకాయలని అట్టముక్కపై వ్రాసిన బస్తాలను అక్కడ చూచి నేను ఒక నిమిషము నిలిచితిని. కూలీలు ఆ బస్తాలను మెడపై మోసి మేడలకెక్కింతురు. వేళయైనపుడు దించి ఈ తొట్టికడకు వత్తురు. ముగిసినపుడు మరల ఎత్తుదురు. మసీదు వెలుపలి గోడలవెంట కొట్లు యథాప్రకారముగా ఉన్నవి.

అజాను ముగిసెను. వరుసలు ఏర్పడినవి, కూలీలు వెనుక వరుసలో నిలిచిరి. అప్పుడు ఉత్తరపు ద్వారమునుండి గాలి తిరిగి, ఎక్కడనో చింపిన మిరప బస్తా ఘాటు ప్రాంగణములోనికి వచ్చెను. తక్బీరు ముగియకముందే వెనుక వరుసలో ఎవరో తుమ్మిరి. ప్రక్కవారును తుమ్మిరి. సమాధుల చెంత కూర్చున్న నేనును తుమ్మితిని. ఇమాము ఆగలేదు.